తడి చెత్త గడప దాటకుండా: ఇంటి చెత్తను వేరుచేసి ఎరువు చేసుకునే పూర్తి పద్ధతి

ఎరువు డబ్బా మొదలుపెట్టిన రెండో వారానికే కంపు వస్తోందని కొందరు, పురుగులు పడ్డాయని కొందరు, మనం ఎంత వేరుచేసినా బండిలో కలిపేస్తున్నారు కదా అని ఇంకొందరు అడుగుతూనే ఉన్నారు. ఒక్కో ప్రశ్నకు విడిగా జవాబు చెబితే పని జరగడం లేదు. అందుకే మొదటి రోజు నుంచి ఎరువు జల్లించే రోజు దాకా ఏది ముందు, ఏది తర్వాత అన్నది వరుసగా రాస్తున్నాను.

ఇది ఫ్లాట్‌లో, చిన్న బాల్కనీ ఉన్నా చాలు, చేసుకోగలిగే పద్ధతి. పెరడు ఉన్నవాళ్లకు పని ఇంకా తేలిక.

## 1. కలిస్తే ఏమవుతుందో ముందు తెలుసుకోండి

మన ఇళ్ల చెత్తలో బరువు ప్రకారం దాదాపు సగం తడి చెత్తే. విడిగా ఉంటే అది మట్టిలో కలిసే సరుకు. కవర్లో పోసి ముడేసి, పొడి చెత్తతో కలిపి పంపితే రెండూ పాడవుతాయి.

డంపింగ్ యార్డులో గుట్ట అడుగున పడ్డ తొక్కలకు గాలి అందదు. గాలి అందని చోట కుళ్లితే మీథేన్ పుడుతుంది. వందేళ్ల లెక్కన చూసినా అది కార్బన్ డయాక్సైడ్ కన్నా దాదాపు 28 రెట్లు ఎక్కువ వేడిని పట్టి ఉంచుతుంది. ఎండాకాలంలో చెత్త గుట్టలు అంటుకుని రోజుల తరబడి ఆరకపోవడానికి కూడా ఈ వాయువు ఒక కారణం. ఆ కుళ్లులోంచి కారే నల్లటి నీళ్లు నేలలోకి దిగుతాయి. హైదరాబాద్ చెత్త చేరే జవహర్‌నగర్ పక్కనే ఉన్న మల్కారం చెరువును పాడుచేసింది ఆ నీళ్లే.

పొడి చెత్త పరిస్థితీ అంతే. సాంబారు కారిన అట్టపెట్టెను పాత సామాన్ల కొట్టులో తీసుకోరు. పెరుగు ఎండిపోయిన డబ్బా కడగడానికి ఎవరికీ తీరిక ఉండదు. చెత్త ఏరే మనిషి చేతులు పెట్టాల్సింది మన కుళ్లిన అన్నంలో. ఈ నష్టమంతా మన సింకు పక్కనే, రెండూ ఒకే బుట్టలో పడ్డ క్షణాన మొదలవుతుంది. కాబట్టి సరిచేయాల్సిందీ అక్కడే.

## 2. మొదటి వారం: ఏమీ కొనకండి, తూచండి

చాలామంది మొదటి రోజే ఎరువు కిట్ ఆర్డర్ చేస్తారు. అది ఇంటికి సరిపోదు, లేదా ఎక్కువైపోతుంది. ముందు ఒక వారం మీ చెత్త సంగతి చూడండి.

- ఉన్న బుట్టలతోనే తడి, పొడి విడిగా వేయండి.
- లగేజీ తూచే కొక్కెం త్రాసుతో రోజూ రాత్రి తడి చెత్త బరువు చూసి క్యాలెండర్ మీద రాయండి.
- పొడి చెత్తను వారం చివర నేల మీద పేపర్ పరిచి పోయండి. పాల ప్యాకెట్లు, బిస్కెట్, చిప్స్ రేపర్లు, డెలివరీ కవర్లు, అట్టలు, సీసాలు కుప్పలుగా వేరుచేయండి.
- పారేసిన వండిన అన్నం, కూర ఎంతో విడిగా గుర్తుపెట్టుకోండి.

ఆ కుప్పలు చూడగానే మీ ఇంట్లో ఏ అలవాటు చెత్తను పెంచుతోందో తెలిసిపోతుంది. కొన్ని ఇళ్లలో డెలివరీ డబ్బాలు ఎక్కువ. కొన్ని ఇళ్లలో ఫ్రిజ్‌లో వాడిపోయిన కొత్తిమీర, తోటకూర. ఈ వారం లెక్క పదో మెట్టులో మళ్లీ పనికొస్తుంది, కాగితం దాచుకోండి.

## 3. డబ్బాలు ఎక్కడ పెట్టాలి

2016 నాటి ఘన వ్యర్థాల నియమాలు ఇంటి చెత్తను మూడు రకాలుగా వేరుచేయమన్నాయి: తడి, పొడి, ఇంట్లోని హానికర చెత్త. నేను దానికి నాలుగోది కలుపుతాను, శానిటరీ చెత్త. డైపర్లు, ప్యాడ్లు మిగతా ఏ డబ్బాలో పడ్డా దాన్ని పాడుచేస్తాయి.

తడి చెత్త డబ్బా. సింకుకు చెయ్యి చాచితే అందేంత దూరంలో, మూత ఉన్న చిన్న డబ్బా. పెద్దది పెడితే రెండు రోజులు నిలవ ఉంచుతాం, కంపు అక్కడే మొదలవుతుంది. లోపల ప్లాస్టిక్ కవర్ వేయకండి. అడుగున న్యూస్‌పేపర్ రెండు మడతలు చాలు. డబ్బా పైన చిల్లుల గిన్నె పెట్టుకుంటే తొక్కల్లోని నీళ్లు ముందే వడిసిపోతాయి.

పొడి చెత్త సంచి. వంటింట్లో వద్దు. యుటిలిటీలోనో తలుపు వెనకో ఒక పెద్ద గోనె సంచి వేలాడదీయండి. పొడి చెత్త నిజంగా పొడిగా ఉంటే వారం ఉన్నా వాసన రాదు. వాసన వస్తోందంటే ఏదో కడగకుండా వేశారని అర్థం.

హానికర చెత్త పెట్టె. పాత చెప్పుల అట్టపెట్టె చాలు. పిల్లలకు అందని ఎత్తులో పెట్టండి. బ్యాటరీలు, ట్యూబ్‌లైట్లు, గడువు దాటిన మందులు, దోమల మందు రీఫిల్స్, పెయింట్ డబ్బాలు ఇందులోకి. పాత రకం (LED కాని) ట్యూబ్‌లైట్‌లో పాదరసం ఉంటుంది, పగలకుండా దాని అట్టలోనే ఉంచండి.

శానిటరీ చెత్త. న్యూస్‌పేపర్‌లో చుట్టి, పైన స్కెచ్ పెన్నుతో ఎర్ర గుర్తు పెట్టి, విడిగా ఇవ్వండి. ఆ గుర్తు చూస్తే తీసుకునే మనిషి విప్పరు.

డబ్బాలు పెట్టిన రోజునే ఇంట్లో అందరినీ, పనికి వచ్చే ఆవిడను కూడా, నిలబెట్టి చూపించండి. చాలా ఇళ్లలో గిన్నెలు తోమే ముందు ఎంగిలి తీసి పడేసేది ఆవిడే. ఆవిడకు చెప్పకుండా పెట్టిన పద్ధతి మర్నాటికే చెడిపోతుంది. "ఇవాళ్టి నుంచి తొక్కలు ఇందులో, కవర్లు అందులో, అనుమానం వస్తే పక్కన పెట్టమ్మా, నేను చూసుకుంటా" అంటే సరిపోతుంది.

## 4. అనుమానం వచ్చే వస్తువులు

తొక్కలు తడి, సీసాలు పొడి అన్నది అందరికీ తెలుసు. తప్పు జరిగేది కింది వాటి దగ్గర.

- పేపర్ కప్పులు: లోపల పలుచని ప్లాస్టిక్ పూత ఉంటుంది. ఎరువులో వేస్తే కాగితం కరిగి ఆ పొర మిగిలిపోతుంది. కడిగి పొడి చెత్తలోకి.
- టీ బ్యాగులు: చాలావాటిలో ప్లాస్టిక్ పోగులు ఉంటాయి. చింపి టీ పొడి మాత్రం ఎరువులో వేయండి, పిన్ను, సంచి బయటికి.
- పూలదండలు: పూలు తడి చెత్త, దారం పొడి చెత్త. దారంతో సహా వేస్తే కలిపేటప్పుడు కర్రకు చుట్టుకుంటుంది. మెరుపు కాగితం, ప్లాస్టిక్ పూలు ఉన్నాయేమో చూడండి.
- టెట్రా ప్యాక్‌లు: కాగితం, ప్లాస్టిక్, అల్యూమినియం పొరలు అతికించి ఉంటాయి. కత్తిరించి, కడిగి, ఆరబెట్టి పొడి చెత్తలోకి.
- బట్టలాంటి రంగు సంచులు: చీరల షాపుల్లో ఇచ్చేవి చూడటానికి గుడ్డలా ఉన్నా చాలావరకు పాలీప్రొపిలీన్, అంటే ప్లాస్టిక్. చిరిగేదాకా వాడుకోండి, తర్వాత పొడి చెత్తలోకి.
- కొబ్బరి చిప్పలు, మామిడి టెంకలు: తడి చెత్తే కానీ ఇంటి డబ్బాలో కుళ్లడానికి చాలా కాలం పడుతుంది. విడిగా ఎండబెట్టి పెట్టండి. కొబ్బరి పీచు చింపి ఎరువు డబ్బాలో వేసుకోవచ్చు.
- "కంపోస్టబుల్" అని రాసిన కవర్లు: వీటికి పెద్ద ప్లాంటులోని వేడి కావాలి. బాల్కనీ డబ్బాలో నెలలు గడిచినా అలాగే ఉంటాయి.
- పగిలిన గాజు: మందపాటి అట్టలో చుట్టి టేపు వేసి, పైన "గాజు" అని రాయండి.
- మిగిలిన నూనె: సింకులో పోయకండి, పైపులో గడ్డకట్టి మురుగు కాలువ దాకా అడ్డం పడుతుంది. కొంచెమైతే పాత పేపర్‌తో తుడిచేయండి. ఎరువులో నూనె వద్దు.

## 5. పొడి చెత్త: కడగడం, ఆరబెట్టడం

ఇది చిన్న పనే, కానీ దీని మీదే ఆ వస్తువు మళ్లీ తయారవుతుందా గుట్ట ఎక్కుతుందా అన్నది ఆధారపడి ఉంటుంది.

పాల ప్యాకెట్ సంగతి తీసుకోండి. మనం మూల కత్తిరించి ఆ చిన్న ముక్కను సింకులోనో బుట్టలోనో వదిలేస్తాం. ఏ యంత్రమూ, ఏ మనిషీ ఆ ముక్కను ఏరి తీయలేరు. అది కాలువలోకి, అక్కడి నుంచి చెరువులోకి పోతుంది. అందుకని మూలను పూర్తిగా కత్తిరించకండి. ముక్క ప్యాకెట్‌ను పట్టుకుని వేలాడేలా కాస్త అంచు వదిలి గాటు పెట్టండి, పాలు అంతే తేలిగ్గా పోసుకోవచ్చు.

తర్వాత వరుస ఇది:

- ప్యాకెట్‌లో పావు గ్లాసు నీళ్లు పోసి గిలకొట్టి, ఆ నీళ్లు మొక్కకు పోయండి.
- రెండో పక్క కూడా కత్తిరించి గొట్టంలా తెరిచి, కిటికీ ఊచకు క్లిప్పు పెట్టి ఆరేయండి.
- ఆరినవి ఒక పెద్ద కవర్లో నొక్కి పెట్టండి. బాగా ఆరిన పాల కవర్లను చాలా పాత సామాన్ల కొట్లలో తూకానికి తీసుకుంటారు.

కడగడానికి మంచినీళ్లు వాడనక్కర్లేదు. బియ్యం కడిగిన నీళ్లు, గిన్నెలు తోమాక మిగిలిన నీళ్లు చాలు. జిడ్డు పట్టిన డెలివరీ డబ్బాలను అదే నీళ్లలో రాత్రంతా నానబెడితే ఉదయానికి రుద్దకుండానే వదులుతాయి.

చిప్స్, బిస్కెట్, షాంపూ శాషేల రేపర్లను, థర్మాకోల్‌ను కొట్లలో కొనరు. పొరలు పొరలుగా ఉన్న రేపర్లను విడదీసి మళ్లీ వాడటం ఖర్చుతో కూడిన పని. అవి శుభ్రంగా బండికి ఇవ్వడం వరకే మన చేతిలో ఉంది, అసలు తగ్గించాల్సింది కొనేటప్పుడే.

కాల్చడం మాత్రం ఏ పరిస్థితిలోనూ వద్దు. ప్లాస్టిక్ మంటలోంచి డయాక్సిన్లు అనే విష పదార్థాలు వస్తాయి, వీధిలో పిల్లలూ పెద్దలూ పీల్చేది ఆ పొగే. ఆరుబయట చెత్త తగలబెడితే 5,000 రూపాయల జరిమానా అని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2016లోనే చెప్పింది.

## 6. ఎరువు డబ్బా: సామాను సిద్ధం చేసుకోవడం

రోజుకు కిలో తడి చెత్త వచ్చే ఇంట్లో 40 లీటర్ల డబ్బాలు రెండింటితో మొదలుపెట్టొచ్చు. ఒకటి నిండుతుంటే ఇంకోటి మాగుతుంది. రెండోది నిండేలోగా మొదటిది మాగకపోయినా, మీ తూకం ఒకటిన్నర కిలో దాటినా మూడోది కావాలి. మట్టి కుండలు అన్నిటికన్నా మంచివి, వాటి గోడలే గాలి పీలుస్తాయి, అదనపు తడిని లాగేస్తాయి. ప్లాస్టిక్ బకెట్, పాత పెయింట్ డ్రమ్ము, విరిగిన వాటర్ డబ్బా ఏదైనా పనికొస్తుంది.

కావలసినవి:

- మూత ఉన్న డబ్బాలు రెండు
- కాల్చిన మేకు లేదా డ్రిల్లు: అడుగున పది, చుట్టూ అంగుళానికో చిల్లు చొప్పున మూడు వరుసలు
- అడుగున పెట్టడానికి ఇటుకలు రెండు, వాటి కింద ఒక ప్లేటు
- ఎండుటాకులు ఒక గోనెసంచి నిండా, లేదా కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు) దిమ్మ ఒకటి
- పులిసిన మజ్జిగ, లేదా గుప్పెడు పాత ఎరువు, లేదా ఎండిన పేడ
- వేపపిండి అర కిలో
- కలపడానికి పొడుగు కర్ర లేదా చిన్న తోట పార
- పైన కట్టడానికి పాత కాటన్ గుడ్డ, రబ్బరు బ్యాండు

ఇందులో తప్పనిసరిగా కావాల్సింది ఎండుటాకులు. డబ్బాలు కొని ఆకులు లేకుండా మొదలుపెట్టిన వాళ్ల దగ్గర్నుంచే కంపు గురించి ఎక్కువ ఫిర్యాదులు వస్తాయి. మన కాలనీల్లో పొద్దున్నే ఊడ్చి, కుప్ప చేసి, అగ్గిపుల్ల గీసేది సరిగ్గా ఈ ఆకులకే. ఊడ్చేవాళ్లకు ఒక సంచి ఇచ్చి "కాల్చకుండా ఇందులో వేసి పెట్టమ్మా" అంటే పొగా తప్పుతుంది, మీకు ఏడాదికి సరిపడా సరుకూ వస్తుంది. వేప, బాదం, రావి, మామిడి ఏ ఆకైనా సరే. పెద్ద బాదం ఆకుల్ని మాత్రం చేత్తో నలిపి వేయండి. ఆకులు దొరకని వాళ్లు రంపపు పొట్టు, వరి ఊక, చింపిన అట్టముక్కలు వాడొచ్చు.

డబ్బాను ఎండ నేరుగా పడని, వాన జల్లు కొట్టని మూలలో పెట్టండి.

## 7. రోజూ చేయాల్సిన పని

మొదటి రోజు అడుగున నాలుగు అంగుళాల మందాన ఎండుటాకులు పరవండి. దాని మీద మజ్జిగ కలిపిన నీళ్లు చిలకరించండి లేదా పాత ఎరువు చల్లండి. తర్వాత రోజూ ఇదే వరుస:

1. పెద్ద తొక్కలు రెండు అంగుళాల ముక్కలుగా కోయండి. పుచ్చకాయ, బూడిద గుమ్మడి, మొక్కజొన్న కంకులు ముక్కలు చేయకపోతే నెలలు పడుతుంది.
2. నీళ్లు వడిసిన తడి చెత్తను డబ్బాలో వేసి సమంగా సర్దండి.
3. ఒక గిన్నె తడి చెత్తకు అదే గిన్నెతో రెండు గిన్నెల ఎండుటాకులు పైన కప్పండి. కోకోపీట్ అయితే ఒక గిన్నె చాలు.
4. తొక్క ఒక్కటి కూడా పైకి కనిపించకూడదు. ఈగ గుడ్లు పెట్టేది కనిపించిన తొక్క మీదే.
5. గుడ్డ కట్టి మూత వదులుగా పెట్టండి.
6. మూడు రోజులకోసారి అడుగు దాకా కర్ర దించి తిరగేయండి.

ఎందుకు రెండు గిన్నెలు? తొక్కల్లో నత్రజని, నీళ్లు ఎక్కువ. ఎండుటాకుల్లో కార్బన్ ఎక్కువ. సూక్ష్మజీవులకు ఒక వంతు నత్రజనికి 25 నుంచి 30 వంతుల కార్బన్ ఉంటే పని సాఫీగా సాగుతుంది. ఇంట్లో ఆ లెక్క కట్టలేం కాబట్టి గిన్నె కొలత. ఆకులు మరో పనీ చేస్తాయి, తొక్కల మధ్య గాలికి దారి ఇస్తాయి. గాలి ఆడితే అదే తొక్కల్లో మీథేన్ పుట్టదు, కంపూ రాదు.

మొదటి రెండు నెలలు వేయదగ్గవి: కూరగాయల చెక్కు, కాడలు, ముచ్చికలు, పండ్ల తొక్కలు, టీ పొడి, కాఫీ పిప్పి, నలిపిన గుడ్డు పెంకులు, కరివేపాకు రెబ్బలు, ఉల్లి పొట్టు, మునక్కాయ పిప్పి, వాడిన పూలు.

చింతపండు పిప్పి, నిమ్మ తొక్కలు పుల్లనివి. రోజుకు గుప్పెడు మించకుండా వేయండి. నిల్వ పచ్చడి, ఊరగాయ వద్దు, ఉప్పూ నూనె సూక్ష్మజీవుల పని ఆపేస్తాయి.

వండిన అన్నం, కూరలు, మాంసం, ఎముకలు, చేప పొలుసు, పెంపుడు జంతువుల మలం మొదటి డబ్బాలో అసలు వేయకండి. చెయ్యి తిరిగాక అన్నం కొద్దికొద్దిగా, నీళ్లు పిండి, రెట్టింపు ఆకులతో వేసుకోవచ్చు. మాంసం బాల్కనీ డబ్బాలకు ఎప్పటికీ వద్దు, ఎలుకలు వస్తాయి. ఇలా డబ్బాలో పట్టనివి మాత్రం పొడి చెత్తతో కలపకుండా విడిగా బండికి ఇవ్వండి.

గుప్పిట పరీక్ష. వారానికోసారి డబ్బా మధ్యలోంచి గుప్పెడు తీసి గట్టిగా పిండండి. వేళ్ల సందుల్లోంచి ఒకటి రెండు చుక్కలు వస్తే తేమ సరిగ్గా ఉంది. ధారగా కారితే తడి ఎక్కువ, ఆకులు కలపండి. గుప్పిట తెరవగానే పొడిపొడిగా రాలిపోతే నీళ్లు తక్కువ, మజ్జిగ నీళ్లు చిలకరించండి. ఏ మీటరూ అక్కర్లేదు.

## 8. తప్పులు, వాటికి మందు

కుళ్లిన గుడ్డు వాసన. లోపల గాలి లేదు, తడి ఎక్కువైంది. మొత్తం ఒక గోనెపట్టా మీద పోసి, రెండు మూడు గంటలు నీడలో ఆరనిచ్చి, సమానంగా ఎండుటాకులు కలిపి తిరిగి నింపండి. అడుగు చిల్లులు మూసుకుపోయాయేమో చూడండి, ఎక్కువసార్లు కారణం అదే.

ముక్కుకు ఘాటుగా కొట్టే అమ్మోనియా వాసన. పచ్చి చెత్త ఎక్కువ, ఆకులు తక్కువ. నీళ్లు పోయకండి. రంపపు పొట్టు గానీ చింపిన అట్ట గానీ కలిపి రెండు రోజులు కొత్తది వేయడం ఆపండి.

లావుపాటి, బూడిద రంగు పురుగులు. వీటిని చూసి డబ్బా మొత్తం పారబోసినవాళ్లు చాలామంది ఉన్నారు. దయచేసి పారబోయకండి. ఇవి ఎక్కువగా బ్లాక్ సోల్జర్ ఈగ పిల్లలు. కుట్టవు, రోగాలు మోయవు, చెత్తను మనకన్నా వేగంగా ఎరువు చేసి వెళ్లిపోతాయి. చూడలేకపోతే తేమ తగ్గించండి, ఆకుల పొర మందం చేయండి, వాటంతట అవే తగ్గుతాయి.

చిన్న ఈగలు ముసురుకోవడం. పండ్ల తొక్కలు పైకి తేలాయి. రెండు అంగుళాల ఆకుల పొర, దాని మీద చారెడు వేపపిండి. గుడ్డ మార్చండి.

చీమలు. డబ్బా ఎండిపోతోంది. నీళ్లు చిలకరించి తిరగేయండి. ఇటుకల కింద ప్లేటులో నీళ్లు పోసి ఉంచితే కొత్తవి ఎక్కవు.

తెల్లటి బూజు. మంచిదే. అలాగే వదిలేయండి.

అడుగు ప్లేటులో నల్లటి నీళ్లు. చెత్త వడకట్టకుండా వేస్తున్నారు. ఆ నీళ్లకు పది రెట్లు మామూలు నీళ్లు కలిపి పూల మొక్కల మొదట్లో పోయండి, ఆకుకూరలకు వద్దు.

నెల దాటినా ఏ మార్పూ లేదు. ముక్కలు పెద్దవి, లేదా డబ్బా పొడిబారింది. డబ్బా మధ్యలో చెయ్యి పెడితే గోరువెచ్చగా తగలాలి. తగలకపోతే ముక్కలు చిన్నవి చేసి, పులిసిన మజ్జిగ ఒక గ్లాసు నీళ్లలో కలిపి పోసి, తిరగేయండి.

## 9. మాగడం, జల్లించడం, వాడటం

డబ్బా నిండాక పైన ఆకులు కప్పి పక్కన పెట్టేయండి, రెండోది మొదలుపెట్టండి. మాగుతున్న దాన్ని వారానికోసారి తిరగేస్తే నెలన్నర నుంచి రెండు నెలల్లో సిద్ధమవుతుంది. చలికాలంలో కాస్త ఎక్కువ.

సిద్ధమైన ఎరువు ముదురు గోధుమ రంగులో, తొలకరి మట్టి వాసనతో ఉంటుంది. ఏ తొక్క ఏదో గుర్తుపట్టలేం. అనుమానం ఉంటే చిన్న కుండీలో ఎరువూ మట్టీ సగం సగం వేసి గుప్పెడు మెంతులు చల్లండి. వారంలో పచ్చగా మొలిస్తే సరే. మొలకలు పసుపు తిరిగినా, రాకపోయినా ఇంకో మూడు వారాలు మాగనివ్వండి. పచ్చి ఎరువు వేస్తే వేళ్లు మాడతాయి.

ఇసుక జల్లెడతో జల్లించి, పైన మిగిలిన గరుకు సరుకును కొత్త డబ్బా అడుగున వేయండి. మజ్జిగకు బదులు అదే తోడు. పది కిలోల తడి చెత్తకు సుమారు రెండు కిలోలు మిగులుతుంది.

కుండీలకైతే మూడు వంతుల మట్టికి ఒక వంతు ఎరువు. ఉన్న మొక్కలకు నెలకోసారి రెండు గుప్పిళ్లు మొదట్లో వేసి మట్టి కప్పండి. మొక్కలు లేనివాళ్లు పార్కుకో, వీధి చెట్లకో వేయండి.

కాలాన్ని బట్టి. ఏప్రిల్, మే నెలల్లో డబ్బా త్వరగా ఎండిపోతుంది, గుప్పిట పరీక్ష వారానికి రెండుసార్లు చేయండి. వానాకాలంలో ఆకులు దొరకవు, దొరికినా తడిగా ఉంటాయి. అందుకని ఆకు రాలే రోజుల్లోనే, ఫిబ్రవరి, మార్చిల్లో ఒకటి రెండు సంచులు ఎండబెట్టి దాచుకోండి. వినాయక చవితి పత్రి, బతుకమ్మ పూలు, దసరా బంతిపూలు ఒక్కసారిగా వచ్చిపడతాయి. వాటిని వెంటనే డబ్బాలో కుక్కకండి. నీడలో పరిచి ఎండబెట్టండి, ఎండిన పూలే తర్వాత ఎండుటాకుల పని చేస్తాయి.

## 10. కొనేటప్పుడే తగ్గించడం

ఇప్పుడు రెండో మెట్టులో రాసుకున్న కాగితం తీయండి. అన్నీ ఒకేసారి మార్చబోతే నెలలోపు వదిలేస్తాం. అన్నిటికన్నా పెద్ద కుప్ప ఒక్కటి ఎంచుకోండి.

- పారేసిన అన్నం, కూర ఎక్కువైతే: కొలత గ్లాసు మార్చండి. ఫ్రిజ్ ముందు అరలో "ముందు తినాల్సినవి" అని ఒక గిన్నె పెట్టండి. ఒక ముద్ద అన్నం పారేస్తే ఆ వరికి పెట్టిన నీళ్లు, కరెంటు, ఎరువు కూడా పారేసినట్టే. ఈ ఒక్క అలవాటు మారితే వచ్చే లాభం మిగతా అన్నిటికన్నా ఎక్కువని నా నమ్మకం.
- డెలివరీ డబ్బాలు ఎక్కువైతే: ఆర్డర్‌లో స్పూన్లు, టిష్యూలు వద్దని నొక్కండి. దగ్గరి హోటల్‌కైతే క్యారేజీ తీసుకెళ్లండి.
- కవర్లు ఎక్కువైతే: మడత సంచి బండి డిక్కీలో ఉంచండి, ఇంట్లో ఉంచితే మర్చిపోతాం. చికెన్, చేపలు, ఇడ్లీ పిండికి మూత ఉన్న స్టీలు డబ్బా. 120 మైక్రాన్ల కన్నా పలుచని క్యారీ బ్యాగులు 2022 చివరి నుంచి నిషేధం, ప్లాస్టిక్ స్ట్రాలు, ప్లేట్లు, స్పూన్లు అదే ఏడాది జులై 1 నుంచి. అయినా కొట్లో ఇస్తూనే ఉంటారు, వద్దనాల్సింది మనమే.
- రేపర్లు ఎక్కువైతే: పది చిన్న ప్యాకెట్ల బదులు ఒక పెద్దది కొని డబ్బాలో పోసుకోండి. షాంపూ శాషేల బదులు సీసా. వారానికోసారి జంతికలు, చేగోడీలు చేసుకోగలిగితే ఇంకా మంచిది.

నెల తర్వాత మళ్లీ ఒక వారం తూచండి. తగ్గితే రెండో కుప్ప మీదికి వెళ్లండి.

## 11. బండిలో కలిపేస్తుంటే, అపార్ట్‌మెంట్‌లో ఒప్పుకోకపోతే

బండిలో కలిపేస్తున్నారన్న ఫిర్యాదు చాలాచోట్ల నిజమే. అందుకే తడి చెత్తను గడప దాటనివ్వకుండా ఉంచమంటున్నాను. మీరు ఇచ్చేది పొడి చెత్త మాత్రమే అయితే బండిలో అరలు ఉన్నా లేకపోయినా మీ ఇంటి నుంచి మీథేన్ పుట్టించే సరుకు దాదాపు వెళ్లదు. సంచి ఇచ్చేటప్పుడు "అన్నా, ఇందులో పొడిదే ఉంది, కడిగినవే" అని చెప్పండి. అమ్ముడుపోయే సరుకు శుభ్రంగా దొరికితే వాళ్లే దాన్ని విడిగా పెట్టుకుంటారు, అది వాళ్లకు ఆదాయం.

అపార్ట్‌మెంట్ మొత్తం చేయాలంటే అందరినీ ఒప్పించే మీటింగుతో మొదలుపెట్టకండి. ముందుగా మూడు నాలుగు ఫ్లాట్లు కలవండి. పార్కింగ్ మూలలో ఎండుటాకుల డ్రమ్ము ఒకటి పెట్టండి. రెండు నెలల తర్వాత మీటింగులో తయారైన ఎరువు ఒక ట్రేలో పెట్టి అందరి చేతికీ ఇవ్వండి, వాసన చూడమనండి. కంపు వస్తుందన్న భయం పోవడానికి అంతకన్నా తేలిక మార్గం నాకు తెలియదు.

మీటింగుకు ముందు చూసుకోవాల్సినవి:

- వాచ్‌మన్‌కూ, ఊడ్చే ఆవిడకూ అదనపు పనికి అదనపు డబ్బు నిర్ణయించారా
- డ్రమ్ములు పెట్టే చోట నీళ్ల కుళాయి, పైన రేకు ఉన్నాయా
- తిరగేసే బాధ్యత పేరుతో సహా రాశారా
- తయారైన ఎరువు ఎవరికి, ఎంత అన్నది ముందే అనుకున్నారా
- 5,000 చదరపు మీటర్లు దాటే పెద్ద గేటెడ్ కమ్యూనిటీలైతే, తడి చెత్తను వీలైనంత వరకు తమ ఆవరణలోనే చూసుకోవాలని 2016 నియమాలే చెప్పాయని కమిటీకి తెలుసా

ఊరెళ్తే కంగారు వద్దు. బయల్దేరే రోజు డబ్బాలో కొత్త చెత్త వేయకుండా బాగా తిరగేసి, పైన నాలుగు అంగుళాల ఆకులు కప్పి, వేపపిండి చల్లి, గుడ్డ బిగించి వెళ్లండి. రెండు వారాలు ఉన్నా ఏమీ కాదు. వచ్చాక నీళ్లు చిలకరించి తిరగేస్తే పని మళ్లీ మొదలవుతుంది.